అతుకు దగ్గరే అసలు కథ

పాత ఇళ్ల కింద మురుగు పైపులకు వయసు మీద పడింది. పగిలిన ముక్క తీసి కొత్తది వేయడం ఒక పూట పనే. ఆ ముక్క పదేళ్లు నిలబడుతుందా, పది నెలలకే మళ్లీ తవ్విస్తుందా అన్నది మాత్రం దాని రెండు కొసల్లో ఉంటుంది.

ఇంటి పక్క సందులో గచ్చు ఒకచోట కుంగుతుంది. వానాకాలం కదా అనుకుని సిమెంటు పూస్తారు. కొన్నాళ్లకు మళ్లీ అక్కడే కుంగుతుంది. ఈసారి పక్కన ఒక బొరియ, దాని ముందు తోడి పోసిన మట్టి. పందికొక్కు! బోను పెడతారు, మందు పెడతారు, బొరియలో గాజు పెంకులు కుక్కి పైన కాంక్రీటు వేస్తారు. అది పక్కనే ఇంకోచోట తవ్వుతుంది. ఈలోగా బాత్‌రూంలో బొద్దింకలు, తెల్లవారుజామున వాసన, గోడ అడుగున చెమ్మ. ఒక్కోదానికి ఒక్కొక్కరిని పిలుస్తారు. చెమ్మకు పెయింటరు, బొద్దింకలకు పెస్ట్ కంట్రోల్ వాళ్లు, గచ్చుకు మేస్త్రి. అందరూ వచ్చి డబ్బులు తీసుకుని వెళ్లాక ప్లంబరు గుర్తొస్తాడు.

ముందు పిలవాల్సింది ఆయన్నే. నేల కింద మురుగు పైపు పగిలితే లోపలి నీళ్లు బయటికి రావడంతోనే ఆగదు. చుట్టూ ఉన్న మట్టి తడిసి, కొంచెం కొంచెంగా పగులులోంచి పైపులోకి జారి, నీటితో పాటు కొట్టుకుపోతుంది. కొన్నాళ్లకు పైపు చుట్టూ గుల్ల ఏర్పడుతుంది. గచ్చు దిగబడేది అందులోకే. పందికొక్కు కాపురం పెట్టేదీ అక్కడే. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. ఇక్కడ ఎలుకే ముందు కనిపిస్తుంది, కొండ తర్వాత తవ్వుకోవాలి.

గోధుమరంగు గొట్టాలు

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌లో వేలమందిని పొట్టన పెట్టుకుంది. నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. వరదకు అడ్డుకట్టగా 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. ఈ రెండు చెరువుల గురించి స్కూలు పిల్లలకు కూడా తెలుసు. విశ్వేశ్వరయ్య నగరానికి భూగర్భ డ్రైనేజీ పథకం కూడా రాసిచ్చారన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. మట్టి కింద ఉన్నదానికి ఎవరు ఫొటో తీస్తారు?

ఆ కాలంలో మురుగు లైనంటే స్టోన్‌వేర్ గొట్టమే. మెరుపుగా, ముదురు గోధుమ రంగులో, పచ్చడి జాడీకి అన్నగారిలా ఉంటుంది. కొలిమిలో బంకమట్టి గొట్టాలు బాగా ఎర్రబడ్డాక లోపలికి ఉప్పు విసిరేవారు. ఉప్పులోని సోడియం ఆవిరై మట్టిలోని సిలికాతో కలిసి గాజుపొరగా అంటుకునేది. లండన్‌లోని లాంబెత్‌లో హెన్రీ డౌల్టన్ ఈ మురుగు గొట్టాల కోసం 1846లో ప్రత్యేకంగా కార్ఖానా పెట్టాడు. అక్కడ మొదలైన పద్ధతి బ్రిటిష్ ఇంజనీర్లతో పాటు మన ఊళ్లకూ వచ్చింది. మట్టి గొట్టాల్లో నీళ్లు పారించడం మనకు కొత్తేమీ కాదు. గోల్కొండ కోటలో గోడల్లో, సున్నంలో పొదిగిన మట్టి గొట్టాలు ఇప్పటికీ కనిపిస్తాయి. కాకపోతే అవి మంచినీళ్లవి.

తర్వాత తర్వాత నిలువు లైన్లకు సీఐ పైపులు, అంటే పోత ఇనుపవి, గాలి గొట్టాలకు, వాన నీళ్లకు ఆస్‌బెస్టాస్ పైపులు వాడారు. లెట్రిన్, బాత్‌రూం లైన్లకు వాడే పీవీసీ పైపుకు ఐఎస్ 13592 అనే భారతీయ ప్రమాణం 1992లో వచ్చింది. కాబట్టి 1970ల్లో, 80ల్లో కట్టిన ఇల్లయితే నేల కింద స్టోన్‌వేర్, గోడ మీద సీఐ ఉండటమే ఎక్కువ. మీ ఇంట్లో ఏది ఉందో తెలియాలంటే చాంబర్ మూత తీసి లైటు వేసి చూడండి. గోధుమ రంగులో మెరిస్తే స్టోన్‌వేర్. తుప్పు పెళ్లలు కనిపిస్తే సీఐ. సిమెంటు రంగులో పలచగా ఉంటే ఆస్‌బెస్టాస్ అని అనుమానించాలి.

స్టోన్‌వేర్‌ను ఆమ్లం తినదు, తుప్పు పట్టదు. వందేళ్ల నాటి గొట్టం తీసి కడిగితే కొత్తదానిలా మెరుస్తుంది. దాని బలహీనతల్లా పొడవే. ఒక్కో ముక్క 60 సెంటీమీటర్లు. ముప్పై అడుగుల సందులో దాదాపు పదిహేను అతుకులు పడతాయి. ప్రతి అతుకులోనూ తారు పట్టించిన జనపనార తాడు చుట్టి పైన సిమెంటు మెత్తారు. గొట్టం గట్టిదే, సిమెంటు గట్టిదే, కింద నేల మాత్రం కదులుతుంది. నల్లరేగడి అయితే మరీను. వానల్లో ఉబ్బి, ఎండల్లో నెర్రెలు ఇస్తుంది. సిమెంటు అతుకులో వెంట్రుకంత చీలిక వస్తే చాలు, పక్కింటి రావిచెట్టు వేరుకు తడి తగులుతుంది. లోపల దూరిన వేరు పీచుకట్టలా అల్లుకుంటుంది. పేపరు ముక్క దానికి చిక్కుకుంటుంది, ఆ పేపరుకు జిడ్డు పడుతుంది. అప్పుడు లైను జామ్ అయిందంటారు. రాడ్ వేసి పొడిచినప్పుడల్లా నీళ్లు కదులుతాయి, వేరు మాత్రం ఇంకాస్త లావెక్కుతుంది. ఒకే చోట ఏడాదికి రెండుసార్లు జామ్ అయ్యే లైనులో చెత్త వేసే వాళ్ల తప్పు కన్నా పగిలిన అతుకు తప్పే ఎక్కువ. ఇంటి కోడలిని తిట్టే ముందు ఈ సంగతి ఆలోచిస్తే బాగుంటుంది.

సీఐ చావు వేరు రకం. దాంట్లోని ఇనుము కొన్నేళ్లకు కరిగిపోయి గ్రాఫైటు మాత్రం మిగులుతుంది. ఆకారం చెక్కుచెదరదు, పైన వేసిన రంగు కూడా అలాగే ఉంటుంది. స్క్రూడ్రైవరుతో గట్టిగా గీకితే పెన్సిల్ ముల్లులా నల్లగా పొడి రాలుతుంది. అలా రాలితే ఆ పైపు పేరుకే పైపు. నిలువు లైన్లలో గోడవైపు ముందుగా చీలడం కూడా మామూలే. అటు ఎవరూ రంగు వేయరు కదా, బ్రష్షు పట్టదు.

ఎక్కడ తవ్వాలి?

నీళ్లు పైకి తేలిన చోట తవ్వడం మొదటి పొరపాటు. నీరు పల్లం వెతుక్కుంటుంది. పగులు ఒకచోట ఉంటే చెమ్మ పది అడుగుల అవతల తేలవచ్చు. అందుకే పని తెలిసినవాళ్లు ముందు పార పట్టరు. ఎగువన లెట్రిన్‌లో బట్టల నీలిమందు కలిపిన బకెట్ నీళ్లు పోసి, దిగువ చాంబర్‌లో రంగు వస్తుందా, వస్తే ఎంత అని చూస్తారు. దిగువ కొస మూసి లైనంతా నీళ్లు నింపి మట్టం గుర్తు పెడతారు. మట్టం తగ్గితే కారుతున్నట్టే. ఇప్పుడు పొడుగాటి తీగ కొసన కెమెరా కట్టి ఫోనులో చూపించేవాళ్లు కూడా దొరుకుతున్నారు. నలుగురు కూలీలతో సందంతా తవ్వించడం కన్నా అదే చవక. కెమెరా ఎన్ని అడుగులు లోపలికి వెళ్లిందో తీగ మీద చూసుకుని, అదే కొలత గచ్చు మీద చాక్‌పీసుతో గీసుకోవచ్చు.

హైదరాబాద్‌లో ఒక పాత కాలనీలో ఈ పని జరుగుతుంటే దగ్గరుండి చూశాను. ఇంటావిడకు డెబ్బై దాటి ఉంటాయి. ప్లంబరుది పాలమూరు వైపు. గీసిన చోట రెండున్నర అడుగుల లోతున గొట్టం తగిలింది. ఆయన ఆపకుండా పక్కలకు కూడా వెడల్పుగా తవ్విస్తుంటే ఆవిడ ఉండబట్టలేకపోయింది.

‘‘ఒక్క ముక్కే గదా నాయినా, గింత గుంత ఎందుకు?’’

‘‘గుంత ముక్కకు గాదమ్మా, నా చేతులు ఆడనీకి. అతుకు కింద చెయ్యి పోకపోతే పైనపైన పూసిపోవుడే అయితది.’’

పైపు కింది భాగం కనిపించదు కాబట్టి చాలామంది పైన మాత్రమే సిమెంటు మెత్తి వదిలేస్తారు. మురుగు పారేది కింది సగంలోనే. ఆ మనిషి అతుకు కింద జానెడు లోతు అదనంగా తవ్వించి, అద్దం ముక్క పెట్టి అడుగు చూసుకున్నాడు. అతను అడిగిన కూలి మీద ఎవరికీ బేరమాడబుద్ధి కాలేదు.

పై కొస, కింది కొస

స్టోన్‌వేర్ గొట్టానికి ఒక కొస గిన్నెలా విచ్చుకుని ఉంటుంది, రెండోది నున్నగా ఉంటుంది. గిన్నె మూతి ఎప్పుడూ ఎగువకు, అంటే నీళ్లు వచ్చే వైపుకు ఉండాలి. పగిలిన ముక్కను తీయాలంటే లాగకూడదు. లాగితే పక్కవాటి అతుకులు కూడా కదిలి రిపేరు ఇంకో నాలుగడుగులు పెరుగుతుంది. నడిమధ్య సుత్తితో పగలగొట్టి, పెంకులు ఏరి, రెండు కొసలకూ ఓపిగ్గా చేరుకోవాలి. పెంకు ఒక్కటి లైనులోకి జారినా అది వీధి మ్యాన్‌హోల్ దగ్గర అడ్డం పడుతుంది. అందుకే మొదట దిగువ కొసలో గోనెపట్టా కుక్కుతారు. పని అయ్యాక దాన్ని తీయడం మర్చిపోయిన మహానుభావులూ ఉన్నారు.

ఇక కొలతల గొడవ. నాలుగంగుళాల స్టోన్‌వేర్ లోపలి వ్యాసం 100 మిల్లీమీటర్లు, గోడ మందం 12. అంటే బయటి కొలత 124 దాకా వస్తుంది. మనం షాపులో కొనే నాలుగంగుళాల పీవీసీ బయటి కొలతే 110. రెండూ నాలుగంగుళాలే, ఒకదానిలో ఒకటి ఇమడవు. దిగువ కొసలో పెద్ద చిక్కు లేదు. పాత గిన్నె పగలకుండా లోపలి సిమెంటు గీకేస్తే పీవీసీ కొస అందులో కూర్చుంటుంది. చుట్టూ తారు తాడు కుక్కి, మిగతా సందులో ఒకటికి ఒకటి పాళ్లలో సిమెంటు ఇసుక నింపాలి. అయితే పీవీసీ నున్నటిది, సిమెంటు దాన్ని పట్టుకోదు. ఎండాక చూస్తే గాజు మీద పెట్టిన పిండిలా ఊడొస్తుంది. దీనికో చిట్కా ఉంది. పైపు కొసను సాండ్‌పేపరుతో గరుకు చేసి, సొల్యూషన్ రాసి, తడిగా ఉండగానే దాని మీద ముతక ఇసుక చల్లాలి. సొల్యూషన్ జిగురు కాదు. అది పీవీసీ పైపొరను కరిగిస్తుంది. ఆ కరిగిన పొరలో ఇసుక పాతుకుంటుంది, ఆ ఇసుకను సిమెంటు పట్టుకుంటుంది. పాలమూరు ప్లంబరు ఇసుక చల్లి, అది ఆరేలోపు టీ తాగాడు.

ఎగువ కొసలోనే ఉంది కష్టమంతా. అక్కడ పాత గొట్టపు నున్నటి మూతి 124 మిల్లీమీటర్లతో బయటికి పొడుచుకుని ఉంటుంది. అది 110 పీవీసీ సాకెట్‌లో పట్టదు. అప్పుడు చాలాచోట్ల జరిగేది ఇది: రెండు మూతులూ ఎదురెదురుగా ఆనించి, గోనెగుడ్డ చుట్టి, పైన సిమెంటు ముద్ద పెట్టి మట్టి కప్పేస్తారు. ఆర్నెల్లు బానే ఉంటుంది. తర్వాత నేల కొంచెం కదిలితే ఆ ముద్ద చీలి, పాత పగులుకు రెండడుగుల దూరంలో కొత్త పగులు తయారవుతుంది. రిపేరు చేయించాక కూడా వాసన పోలేదని చెప్పేవాళ్లలో ఎక్కువమంది కథ ఇదే.

సరైన దారులు రెండు. ఒకటి, స్టెయిన్‌లెస్ స్టీలు క్లాంపులున్న రబ్బరు కప్లర్. కొలతలు వేరైన పైపుల కోసం అందులో రబ్బరు బుష్ వేసుకోవచ్చు. నేల కదిలినా రబ్బరు సాగి సర్దుకుంటుంది. రెండోది మన మేస్త్రుల పాత విద్య: అతుకు పడే చోట చిన్న చాంబర్ కట్టేయడం. ఇటు పాత గొట్టం, అటు కొత్త పైపు చాంబర్‌లోకి తెరుచుకుంటాయి, అడుగున సిమెంటుతో అర్ధచంద్రంగా కాలవ తీస్తారు. అతుకే ఉండదు. పైగా రేపు రాడ్ వేయాలంటే తలుపు దొరికినట్టే. చోటు ఉంటే నా ఓటు దీనికే. ఇరుకు సందులో అయితే రబ్బరు కప్లరు.

రెండు పాత కొసల మధ్య కొత్త ముక్కను దూర్చడం కూడా అనుకున్నంత తేలిక కాదు. రెండు వైపులా సాకెట్‌లోకి ఒకేసారి నెట్టలేం. అందుకే కప్లరును ముందు ఒక పైపు మీదకి పూర్తిగా తోసేసి, ముక్కను గాడిలో పెట్టాక వెనక్కి జరుపుతారు. లోపల అడ్డుగట్టు లేని కప్లరు అయితేనే అలా జరుగుతుంది. ఒక్క ఫిట్టింగ్ కోసం పని మధ్యలో షాపుకు పరుగెత్తకుండా ముందే అడిగి తెచ్చుకోవాలి.

వాటం గురించి పుస్తకాల్లో లెక్కలున్నాయి. నాలుగంగుళాల పైపుకు నలభైకి ఒకటి, అంటే పది అడుగుల పొడవుకు మూడంగుళాల దిగువ. ఆరంగుళాలకు అరవైకి ఒకటి. కొత్త లైనుకు ఇది బాగుంటుంది. ముక్క మార్చేటప్పుడు మాత్రం మన ఇష్టం చెల్లదు. ఎగువ మూతి ఎత్తు, దిగువ మూతి ఎత్తు ముందే ఖరారయ్యాయి. మన పని వాటి మధ్య దారం లాగి, పైపు దానికి తగ్గట్టు కూర్చోబెట్టడం. రసమట్టం పెట్టి చూసి వాటం అసలే లేదనిపిస్తే లోపం ముక్కలో లేదు, లైను మొత్తం కుంగింది. అప్పుడు చాంబరు నుంచి చాంబరు దాకా మార్చడమే దారి.

కింద రాళ్లు తగలకుండా ఇసుక పరుపు, పక్కల్లో చేత్తో కూరిన మెత్తటి మట్టి. నేల కింద వేయడానికి గోధుమ నారింజ రంగు పైపు దొరుకుతుంది, ఐఎస్ 15328 అని ముద్ర ఉంటుంది. గోడ మీద వేసే బూడిద రంగు పైపునే తక్కువలో వస్తోందని పాతిపెడితే దాని మీదికి కారు ఎక్కిన రోజు తెలుస్తుంది.

ఆస్‌బెస్టాస్ పైపు తగిలితే లెక్క మారుతుంది. గ్రైండరు పెట్టి పొడిగా కోస్తే ఆ దుమ్ములో కంటికి కనిపించని పోగులు ఊపిరితిత్తుల్లో చేరతాయి. ఏ రకం ఆస్‌బెస్టాస్ అయినా కేన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వీలైతే కోయకుండా అతుకు దగ్గర విడదీయాలి. తప్పదంటే నీళ్లతో బాగా తడిపి, చేతి రంపంతో, మాస్కు పెట్టుకుని కోయాలి. పిల్లల్ని ఇంట్లో ఉంచాలి.

అపార్ట్‌మెంట్లలో సీఐ నిలువు లైను ముక్క మార్చేటప్పుడు ఇంకో ప్రమాదం. ఆరడుగుల నాలుగంగుళాల సీఐ పైపు బరువు ఇరవై కిలోలు దాటుతుంది. కింద కోస్తే పైన నాలుగంతస్తుల బరువంతా తుప్పు పట్టిన క్లాంపుల మీదే వేలాడుతుంది. ముందు కోతకు పైన గట్టి క్లాంపు బిగించి, ఆ తర్వాతే బ్లేడు పెట్టాలి. పై ఫ్లాట్ల వాళ్లందరికీ చెప్పాలి, చెప్పి ఊరుకోకుండా పైన ఒక మనిషిని కాపలా పెట్టాలి. ‘‘మా ఇంట్లో ఎవరూ పోయలేదండీ’’ అన్న మాట వినిపించేసరికి కింద ప్లంబరు తల తడిసి ఉంటుంది. ఖర్చు ఎవరిదన్న పేచీ సరేసరి. అందరి నీళ్లూ దిగే నిలువు పైపు ఖర్చు అందరిదీ. ఈ చిన్న విషయానికి అసోసియేషన్ మీటింగులు ఎన్ని తెల్లారాయో.

వాసన ఒక్కటే కాదు

మురుగు పైపు పగిలితే ఏమవుతుంది, కాస్త కంపు కొడుతుంది అనుకునేవాళ్లు 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ సంగతి తెలుసుకోవాలి. సార్స్ ప్రబలిన రోజుల్లో ఆ ఒక్క హౌసింగ్ కాంప్లెక్స్‌లో మూడు వందల మందికి పైగా జబ్బు సోకింది. దర్యాప్తులో బాత్‌రూం నేల ట్రాపులు ఎండిపోయి ఉన్నట్టు తేలింది. ట్రాపులో నీళ్లు ఉంటేనే మురుగు లైనులోని గాలి ఇంట్లోకి రాకుండా ఆగుతుంది. నీళ్లు లేక, పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగుతుంటే లైనులోని తుంపరలు ఇళ్లలోకి వచ్చాయి. ఎక్కువ కేసులు వచ్చిన బ్లాకులో గాలి గొట్టానికి పగులు కూడా కనిపించింది. మన దగ్గర పిల్లలు అమెరికాలో ఉండి ఏళ్ల తరబడి తాళం వేసిన ఇళ్లలో నహానీ ట్రాపులన్నీ ఇలాగే ఎండిపోయి ఉంటాయి. తాళం తీయగానే గుప్పుమనే వాసన అదే. వారానికోసారి ఎవరితోనైనా ఒక చెంబు నీళ్లు పోయించడం తప్ప దానికి వేరే వైద్యం అక్కర్లేదు.

అమెరికాలో పాత ఇల్లు కొన్న మనవాళ్లకు ఇంకో రకం అనుభవం ఎదురవుతుంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడ ఆరెంజ్‌బర్గ్ అనే పైపు విరివిగా వేశారు. కలప గుజ్జును తారులో నానబెట్టి చేసిన గొట్టం అది. నేల బరువుకు అది మెల్లగా నొక్కుకుపోయి కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. అక్కడ ముక్క మార్చడం అన్న మాటే ఉండదు, కప్లరు బిగిస్తే పాత పైపే నలిగిపోతుంది. ఇల్లు కొనే ముందు లైనులో కెమెరా వేయించి చూసుకోవడం అక్కడ మామూలే. మనం గృహప్రవేశం ముహూర్తానికి ఇచ్చే శ్రద్ధలో పదోవంతు పాత ఇంటి చాంబర్ మూత తీసి చూడటానికి ఇస్తే రిజిస్ట్రేషన్ ముందే బేరానికి ఒక మాట దొరుకుతుంది.

దిగమనొద్దు

సందులో రెండడుగుల గుంత తవ్వడం వేరు, సెప్టిక్ ట్యాంకులోకో మ్యాన్‌హోల్‌లోకో మనిషిని దించడం వేరు. అక్కడ పేరుకునే హైడ్రోజన్ సల్ఫైడ్ గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. మోతాదు పెరిగితే ముక్కుకు వాసన తెలియకుండా చేస్తుంది. కంపు పోయింది కదా అని దిగినవాడు తిరిగి రాడు, అతన్ని లాగబోయి దిగిన రెండోవాడూ రాడు. 2013 నాటి చట్టం ప్రకారం రక్షణ లేకుండా సీవర్‌లోకీ, సెప్టిక్ ట్యాంకులోకీ మనిషిని దించి శుభ్రం చేయించడం నేరం. కాంట్రాక్టరుకే కాదు, ఇంటి యజమానికీ ఇది వర్తిస్తుంది. మొదటి తప్పుకే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. సీవర్లలో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో చెప్పింది. ఈ పని తరతరాలుగా ఏ కులాల నెత్తిన పడిందో తెలుగు పాఠకులకు వేరే చెప్పాలా? దీని మీద జీవితమంతా పోరాడుతూ 2016లో మెగసెసే అవార్డు అందుకున్న బెజవాడ విల్సన్ కోలార్ బంగారు గనుల ఊళ్లో పుట్టినవారు. ‘‘ఐదు వందలు ఎక్కువ ఇస్తాను, కొంచెం దిగి చూడు’’ అన్న మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. వీధి లైను జామ్ అయితే హైదరాబాద్‌లో జలమండలి నంబరు 155313. జెట్టింగ్ యంత్రం వస్తుంది. ఆలస్యమైతే ఆలస్యమే, ఆ పూట ఎదురింట్లో స్నానం చేయొచ్చు.

పాత కాలనీలో ఆ రోజు సాయంత్రం మట్టి కప్పే ముందు ప్లంబరు దిగువ కొస మూసి లైను నింపి, చాంబర్ గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. ఆవిడ గీత దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుంది. గీత దిగలేదని ఆవిడకు నమ్మకం కుదిరాకే పార కదిలింది. అంతకుముందు మనవడు గుంతలో టేపు పరిచి ఫొటోలు తీశాడు: కాంపౌండు గోడ నుంచి ఎన్ని అడుగులు, ఎంత లోతు, కప్లరు ఎక్కడ. వాటిని ప్రింటు తీయించి మీటరు బోర్డు తలుపు లోపల అంటించమని ప్లంబరే చెప్పాడు. ‘‘రేపు నేనొస్తనో, ఇంకొకరొస్తరో. గచ్చంత పగలగొట్టే పనుండదు గదమ్మా’’ అని, నీళ్లడిగి చేతులు కడుక్కుని, మిగిలిన సొల్యూషన్ డబ్బా మూత బిగించి సంచిలో వేసుకున్నాడు.